ఎనిమిది సెకన్లు

గొడుగు, గొడుగు అనేయండి అనబోయి నాలుక కరుచుకున్నాను, అద్దం తలుపుకి ఇవతల నేను, అవతల పక్షవాతంతో మాట పడిపోయిన ఓ బస్సు డ్రైవరు, తెర మీద గొడుగు బొమ్మ, గొ, గొ అంటూ ఆయన మెడ నరాలు బిగుసుకుంటున్నాయి, అంతలో బొమ్మ మారి తాళంచెవి వచ్చింది, నోరింకా గొడుగు దగ్గరే ఉంది, తాళంచెవి పోయి చెంచా వచ్చింది, ఆయన పక్కనున్న భార్య వైపు చూసి తల దించుకున్నాడు, పోనీలెండి, ఇంకోటి వస్తుందిగా అంటోందావిడ, ఇంట్లోనూ ఇంతేనమ్మా, వారం నుంచి ఫోన్లో రెండు బొమ్మలు చూడగానే బోర్లా పెట్టేస్తున్నారు అని ఎదురుగా కూర్చున్న మా పిన్నికి చెబుతోంది.

ఆ బొమ్మల ప్రోగ్రాం పిన్నిదే, మాట పోయినవాళ్ళకి మాటలు నేర్పడం ఆవిడ ఉద్యోగం, నలభై దాటాక పుస్తకాలు ముందేసుకుని తనే రాసింది, కానీ ఈ గదిలోని పాత కంప్యూటర్లో తప్ప ఎక్కడా తెరుచుకునేది కాదు, జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలోకి మార్చేస్తే ఏ ఫోన్లోనైనా తెరుచుకుంటుంది పిన్నీ అని నేనే పూనుకున్నాను, మూడు నెలల సెలవు రోజులన్నీ దానికే పెట్టాను, ఒక చోట ప్రతి బొమ్మకీ ఎనిమిది సెకన్లు ఆగమని ఉంది, పాత కంప్యూటరు నత్తనడక కోసం పెట్టుంటుందిలే అనుకుని రెండు చేశాను, అంతటితో ఊరుకున్నానా, కొత్త ప్రోగ్రాం విడుదల రోజు డాక్టర్లందరి ముందూ మైకు పట్టుకుని, మా పిన్ని ప్రోగ్రాం కునుకు తీస్తుంటే నేను లేపాను అన్నాను, అందరూ నవ్వారు, పిన్నీ నవ్వింది, అది కాదే, ఆ ఆగడం ఎందుకంటే, అని మొదలుపెట్టింది, నాకు తెలుసులే పిన్నీ, అని ఆవిడ మాటని చప్పట్లలో కలిపేశాను.

ఇప్పుడు పిన్ని బయటికొచ్చి తలుపు మెల్లగా మూసింది, తిట్టదే, తిడితే బాగుండును అనుకున్నాను, బుర్రలో ఉన్న మాట నోట్లోకి రావడానికి వీళ్ళకి అంతసేపు పడుతుందే, రెండేళ్ళు గడియారం పట్టుకుని కొలిచాను, నీదేం తప్పు, నేనే గట్టిగా చెప్పాల్సింది అంది, నా తల తీసేసినట్టయింది, ల్యాప్‌టాప్ తెరిచాను, ఒక్క అంకె, రెండు కొట్టేసి ఎనిమిది పెడితే సరి, నిమిషంలో అన్ని ఫోన్లలోనూ మారిపోతుంది, ఎవరికీ తెలియదు, వేలు అంకె మీదికి వెళ్ళనే వెళ్ళింది, ఎవరికీ తెలియదు అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది, ఇరవై మూడు ఆస్పత్రులకి పంపాను కదా దీన్ని, ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఇలా ఫోను బోర్లా పెట్టి, ఇక నావల్ల కాదు అనుకుంటున్నారో, అంకె మార్చాను, మార్చినా గుండె బరువు దిగలేదు, అద్దంలోంచి చూస్తే ఆయన ఇంకా తల ఎత్తలేదు, పిన్ని నా తప్పు తన మీద వేసుకుంది, ఆయనా వేసుకున్నాడు, నేను తప్ప అందరూ మోస్తున్నారు దాన్ని, ఎన్ని అంకెలు దిద్దినా ఆయన మీంచి అది దిగదు, మీరు ఓడిపోలేదండీ, బొమ్మని మీకోసం ఆగనివ్వంది నేను అని ఆయన ముందు కూర్చుని నా నోటితో చెబితేనే దిగుతుంది, తలుపు తోశాను.