మిరప కళ్ళాల ఊళ్ళో మంచు కోటు

ధ్రువప్రాంతపు మంచు తుఫానులు కూడా మడతపెట్టలేని నన్ను, ఇంట్లో అడుగుపెట్టిన రోజే నాలుగు మడతలు పెట్టి, కలరా ఉండలు కుక్కి, ఆవకాయ జాడీల పక్కన అటకెక్కించిన ఘనత మా పున్నమ్మగారిది. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవదు. "ఆ ఎర్ర పరుపు" అంటుంది. పరుపుకు చేతులుంటాయా? జేబులుంటాయా? అడగడానికి నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళకు ఆవిడ ముందు ధైర్యం లేదు.

నేనొక కోటును. ఎండ మొహం ఎరగని ఒక దేశంలో, ఎర్రటి గుడ్డ రెండు పొరలుగా కుట్టి, మధ్యలో బాతు ఈకల నూగు నింపి నన్ను తయారుచేశారు. మంచులో మనిషి తప్పిపోతే దూరం నుంచే కనబడాలని ఆ ఎరుపు. పల్నాడులో ఆ జాగ్రత్త అక్కర్లేదు. మార్చి నెలలో నన్ను తొడుక్కున్న మనిషి ఏ రంగులో ఉన్నా ఊరంతటికీ కనబడతాడు.

నా మొదటి యజమాని ఎరిక్ అనే పొడుగాటి శాస్త్రవేత్త. మంచు పొరల వయసు చిటికెలో చెప్పేవాడు గాని, జేబురుమాలు ఎక్కడ పెట్టుకున్నాడో చెప్పలేకపోయేవాడు. ఆ లోటంతా నా కుడిచెయ్యి తీర్చేది. ఆయన పనిచేసే పరిశోధన కేంద్రానికి ఒక్కో దేశం నుంచి టీచర్లను పిలిపించి, శాస్త్రవేత్తల పక్కన నిలబెట్టి పని నేర్పేవారు. అలా దిగింది మా శేషుకుమారి టీచరు. తెచ్చుకున్న స్వెట్టర్లన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, చేతులు వంగక కొయ్యబొమ్మలా నిలబడింది. ఎరిక్ నవ్వు ఆపుకుని నన్ను విప్పి ఆమె భుజాల మీద వేశాడు. అంచు మోకాళ్ళు దాటింది. చేతులు మడిస్తే గాని వేళ్ళు బయటికి రాలేదు.

మంచులో గుంట తవ్వడం, పై నుంచి నేల దాకా జానెడు జానెడుకీ థర్మామీటరు గుచ్చి చూడటం ఆమె పని. పైన గాలి చెవులు కోసేస్తుంటే, మంచు అడుగున నేల అంత చల్లగా ఉండేది కాదు. మొదటిసారి ఆ తేడా చూసినరోజు ఆమె గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని పకపకా నవ్వింది. "అమ్మో, ఈ మంచు కూడా కోటేనన్నమాట, నేలకి!" అంది. నాకప్పటికి తెలుగు రాదు. అయినా పొగడ్త ఏ భాషలో ఉన్నా తెలిసిపోతుంది. ఆమె తిరుగు ప్రయాణమప్పుడు, "మీ బడి పిల్లలకు చూపించు" అని ఎరిక్ నన్ను ఆమెకే ఇచ్చేశాడు.

ఇక్కడేమో పిల్లల దాకా వెళ్ళేలోపే అత్తగారు అడ్డం.

"మొగుణ్ణీ బడినీ వదిలి మంచు చూడ్డానికి పోయొచ్చింది మా కోడలు. మనింట్లో ఫ్రిజ్జు తలుపు తీస్తే కనపళ్ళా?" అని పున్నమ్మగారు కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. కొడుకు చెన్నకేశవులు ఆ మాట విననట్టు పేపరు చదివేవాడు. అమ్మకూ భార్యకూ మధ్య ఆ పేపరే ఆయన గోడ.

శేషుకుమారి కోరిక ఒక్కటే. శనివారాల్లో చుట్టుపక్కల బడులకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, చూసిందంతా పిల్లలకు చెప్పాలి. అందుకు తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకోవాలి. ఛైర్మన్ లింగారావు మిరప రైతు, మొహమాటం లేని మనిషి.

"టీచరమ్మా, మన పిల్లోళ్ళకి చలంటే ఏందో తెలవదు. వాళ్ళకి మంచు గోలెందుకు? ఒకసారి మా ముందు చెప్పండి. పనికొచ్చే మాటనిపిస్తే పొండి. లేదంటే ఇంక ఈ ఊసెత్తమాకండి" అన్నాడు.

ఆమె సరేనంది. సోడా కొట్టు నుంచి సమానమైన ఐసు ముక్కలు రెండు తెస్తుంది. ఒకటి పళ్ళెంలో, ఒకటి నాలో. ముందు ఏది కరుగుతుందో అందరూ చూడాలి. ఇంట్లో ఈ సంగతి చెప్పగానే పున్నమ్మగారు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! చలికి కప్పుకునే కోటులో ఐసు పెడతావా? ఉడికిపోద్దే! నలుగురిలో నవ్వులపాలవుతావు."

"చూద్దాం లెండి అత్తయ్యా."

"చూసేదేందే, నే చెబుతుండా గదా!"

మీటింగు రోజు ఒంటిపూట బడి. శేషుకుమారి బడిలో ఉండగా ఆవిడ నన్ను అటక దించింది. కుట్రేమీ కాదు, పరువు కోసం. కోడలి కోటు పదిమందిలో కలరా ఉండల వాసన కొడితే అత్తకు అప్రతిష్ఠ కదా! డాబా మీద ఎండుమిరపకాయల పక్కన నన్ను బోర్లా పరిచింది. ఆ ఎండకు నా ఒళ్ళు పెనమైంది. మధ్యాహ్నం ఇంటికొచ్చిన శేషుకుమారి నా మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది.

"అత్తయ్యా, ఇదేం పని! ఐసు చుట్టాల్సిన కోటుని పెనంలా కాల్చి పెట్టారు!"

"కోటన్నాక వెచ్చగుండొద్దా?"

ఇద్దరూ చెరో చెయ్యి పట్టి దులిపారు. ఫ్యాను కింద వేలాడదీసి చల్లార్చారు. మిరపపొడి మాత్రం వదల్లేదు. కమిటీవాళ్ళూ పిల్లలూ నిండిన బడి హాల్లో శేషుకుమారి నన్ను విప్పగానే ముందు వరుస మొత్తం తుమ్మింది.

"ఉత్తర ధ్రువంలో కూడా మనకాయే పండిచ్చారా ఏందమ్మా!" అన్నాడు లింగారావు కళ్ళు తుడుచుకుంటూ.

కోటులోదే ముందు కరుగుతుందనేవాళ్ళు చెయ్యెత్తమంటే హాలంతా ఎత్తింది. చెన్నకేశవులు కూడా ఎత్తి, భార్య చూపు తగిలి తల గోక్కున్నాడు. హెడ్మాస్టరుగారు సగమే ఎత్తారు, ఎటైనా సర్దుకోవచ్చని.

ఐసు నా కడుపులో చేరింది. ఎన్నాళ్ళకో తెలిసిన స్పర్శ. నేను ఊపిరి బిగపట్టి దాన్ని పొదువుకున్నాను. బయట ఆమె మాట్లాడుతోంది. గుంటల గురించి, నేలను కప్పే మంచు గురించి, ఆ మంచు పలచబడితే ఏమవుతుందోనన్న దిగులు గురించి.

"మొన్న కళ్ళంలో కాయంతా అకాలవానకి తడిసింది గదా. దానికీ ఆ మంచుకీ సంబంధముందంటారా?" అని అడిగాడు లింగారావు.

"ఉందని ఇప్పుడే చెప్పలేనండీ. అక్కడ వేడెక్కితే ఇక్కడి వానలు ఎట్లా మారతాయో ఇంకా చూస్తున్నారు. తెలియదు కాబట్టే కొలుస్తున్నాం."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెలియదని చెప్పే టీచరును ఆయన అంతకుముందు చూసి ఉండడు.

పళ్ళెంలో నీళ్ళే మిగిలాక ఆమె నా జిప్పు లాగింది. మూలలు కాస్త అరిగినా ఐసు ముక్క గట్టిగా కూర్చుని ఉంది. పిల్లలు ఒక్క అరుపు అరిచారు. పున్నమ్మగారు మాత్రం లేచొచ్చి నా జేబులన్నీ తడిమింది, కోడలు ఇంకో ముక్క దాచిందేమోనని. ఏమీ దొరక్క, నా లోపలికి చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"కోటుకి సొంత వేడి ఉండదు అత్తయ్యా. మనిషి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. అలాగే బయటి వేడిని ఐసు దగ్గరికీ రానివ్వదు."

"వచ్చే శనివారం నుంచే పొండి టీచరమ్మా. మొదట మా అమ్మాయి ఊళ్ళో మనవడి బడికే పోవాల" అన్నాడు లింగారావు. తరువాత ఇటు తిరిగి, "ఏం పెద్దమ్మా, నువ్వేమీ అనవా?" అన్నాడు.

హాలంతా ఆవిడ వైపు చూసింది. ఆవిడ ఐసు చల్లదనం అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఏమంటానయ్యా, నాదే తప్పు. ఈ ఐసు సంగతొక్కటే గాదు. మా కోడలు ఊసుపోక పోయొచ్చిందని ఊరంతా చెప్పా. అదీ తప్పే."