మూడు గుమ్మాల్లో మూడు మాటలు

ఆఫీసులో అతన్ని అందరూ భూతద్దం అనేవారు. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఉద్యోగం. కొట్టు తగలబడిందని ఎవరైనా పరిహారం అడిగితే, దానంతటది అంటుకుందా, అంటించారా అని తేల్చడం అతని పని. నేరుగా అడిగితే ఎవడూ నిజం చెప్పడని అతని సిద్ధాంతం. అందుకే పక్కింట్లో తానెవరో ఒకలా, ఎదురింట్లో ఇంకోలా చెప్పుకుని కబుర్లలోకి దింపుతాడు. నోళ్ళు జారిన ముక్కలన్నీ కలిపితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ విద్య అతనికి బాగానే అన్నం పెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు దాన్ని ఆఫీసులో వదిలి రావడమే తెలియలేదు, పాపం.

ఇల్లు కొందామనుకున్నాక ఆ విద్య ముదిరి పాకాన పడింది. భార్య చూపించిన ప్రతి పేటకూ వంక పెట్టాడు. ఒకచోట వీధి కుక్కలు మరీ బలిసి ఉన్నాయట, అంటే జనం తిండి రోడ్డు మీద పారేస్తారట. ఇంకోచోట కిటికీలన్నిటికీ కొత్త ఊచలు, కాబట్టి ఈమధ్యే దొంగలు పడ్డారట. మరోచోట గోడలన్నిటికీ మోకాలెత్తు దాకా కొత్త రంగు, అది వరద మరక కప్పడానికేనట. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదే. అయితే ఆ మూడోది మాత్రం నిజమైంది. వానలు పడితే ఆ పేట మునుగుతుందని తర్వాత తెలిసింది. అదే కొంప ముంచింది. ఒక్క అనుమానం నిజమయ్యాక ఆ మనిషిని ఆపడం ఎవరి తరం?

భార్య ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, ఊరంతా లేచే వేళకు పడుకుంటుంది. అద్దె ఇంట్లో పైన పిల్లల పరుగులు, కింద వడ్రంగి సుత్తి మోత. కళ్ళ కింద నలుపు చేరి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆమెకు కావలసిందల్లా పగలు నిద్రపట్టే ఒక గది.

అది దొరికింది. అవతలికి దారిలేని చిన్న సందు చివర ఇల్లు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన పెద్దావిడది. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ అమ్ముతోంది. వెనక గదిలో నిలబడి భార్య కాసేపు కళ్ళు మూసుకుంది.

"ఇదేనండీ," అంది.

పెద్దావిడ ఇరుగుపొరుగును తెగ మెచ్చుకుంది. ఈ సందులో ఒకరి ఇంటి తాళాలు ఇంకొకరి దగ్గర ఉంటాయని చెప్పింది. భార్య ముఖం విచ్చుకుంది. అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంత మంచివాళ్ళు ఊరికే ఉంటారా?

ఆ వారంలో భార్యకు చెప్పకుండా సందుకు వెళ్ళాడు. సందు మొదట్లో కొట్టాయనతో అద్దెకు వాటా వెతుకుతున్నానన్నాడు. ట్యూషన్లు చెప్పే టీచరమ్మతో నీళ్ళ శాఖ నుంచి వచ్చానన్నాడు. దర్జీతో, తప్పిపోయిన బావమరిదిని వెతుక్కుంటున్నానన్నాడు. కొట్టాయన కుర్చీ వేశాడు. టీచరమ్మ కుళాయిలన్నీ తిప్పి చూపించింది. దర్జీ మిషను ఆపి, లేని బావమరిది ఆనవాళ్ళు అడిగి మరీ బాధపడ్డాడు. ఎంత గీకినా ఒక్కరూ ఇంకొకరి గురించి చెడ్డమాట అనలేదు. ముందే కూడబలుక్కున్నారని అతను తేల్చేశాడు.

తేల్చాడే గాని, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. భార్య పోరు పడలేక చివరికి సరేనన్నాడు. బయానా ఇద్దామని ఇద్దరూ వెళ్ళేసరికి పెద్దావిడ ముందుగదిలో కొట్టాయన, టీచరమ్మ, దర్జీ కూర్చుని ఉన్నారు. అందరూ ఒకే ముఠా, తన అనుమానం ఎక్కడికి పోతుందని అతను లోలోపల మురిసిపోయాడు.

దర్జీ లేచి నిలబడ్డాడు. ఆ గొంతులో వెటకారం లేదు.

"మీ బావమరిది దొరికాడా అండీ?"

"బావమరిదేంటి? నాకు అన్నదమ్ములే లేరు," అంది భార్య.

తీగ లాగితే డొంకంతా కదిలింది. నీళ్ళ శాఖ సంగతి టీచరమ్మ చెప్పింది, అద్దె వాటా సంగతి కొట్టాయన చెప్పాడు. సాయంత్రాలు అందరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు మరి, దాచుకోవడానికి ఏముంది?  జాగ్రత్త కోసమే అడిగానని అతను గొణిగాడు. పెద్దావిడ కోప్పడలేదు. అదే అతనికి మరీ సిగ్గనిపించింది.

"ఈ సందువాళ్ళ తాళాలు మీ ఇంట్లోనూ ఉండాలి కదా బాబూ," అంది. "నువ్వు చెప్పుకున్న ఆ ముగ్గురు మనుషుల్లో ఎవరికని ఇమ్మంటావు?"

తర్వాత భార్య చెయ్యి పట్టుకుని, ఏమీ అనుకోవద్దని, ఈ ఇల్లు మీకు అమ్మలేనని చెప్పింది. భార్య తలూపింది. వెళ్ళేముందు వెనక గది వైపు ఒక్కసారి చూసింది.

బస్‌స్టాప్ దాకా ఆమె ముందు, అతను వెనక నడిచారు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తిట్టలేదు.

"పెళ్ళికి ముందు మా వీధికి కూడా వచ్చారా?" అని అడిగింది.

అతను గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

"రాలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. నువ్వు నచ్చావు, అంతే."

అది అక్షరాలా నిజం. బతుకులో అతను తనిఖీ చేయకుండా నమ్మింది ఆమె ఒక్కదాన్నే. ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదు. తీరా చెప్పాక, ఆమె అతని ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు పట్టిపట్టి చూసింది.

"ఇది నిజమో కాదో," అంది, "నేనెవర్ని అడగాలి?"