మొదటిసారి వెళ్ళేవాళ్ళకే

లక్ష్మీకాంత్ మాష్టారు ఒక మాట అన్నాడంటే సిద్దికాకి అది పుస్తకంలో అచ్చయినట్టే. ఆరో తరగతి నుంచీ ఆయనే సోషల్ చెప్పాడు. మ్యాపు మీద ఊరికే బెత్తం తిప్పే రకం కాదు. నల్లరేగడి గురించి చెప్పాల్సి వస్తే పిల్లలందర్నీ బడి వెనక పత్తి చేలోకి తోలుకుపోయేవాడు. చెప్పులకి అంటుకున్న మట్టి చూపించి, "ఇదేరా పాఠం, ఇంటికెళ్ళి కడుక్కోండి" అనేవాడు. అలాంటి మనిషి మాటని అనుమానించాలని ఏ పిల్లకి తోస్తుంది?

ఆ మాష్టారే ఓ మధ్యాహ్నం పదో తరగతి గదిలోంచి సిద్దికాని వరండాలోకి పిలిచి, ఫోన్లో ఒక పేజీ చూపించాడు. విదేశాల్లో ఏదో యువజన సంస్థ ఉందట. పల్లెటూరి పిల్లల్ని పోర్చుగల్ తీసుకువెళ్ళి అక్కడి పిల్లల ఇళ్ళల్లో ఉంచుతుందట, తర్వాత ఆ పిల్లల్ని ఇక్కడికి పంపుతుందట. ఖర్చంతా వాళ్ళదే. కాకపోతే బోలెడు రూల్సు. పదిహేనేళ్ళు నిండి ఉండాలి. తమ ఇంట్లో తరతరాలుగా చేస్తున్న పని ఒకటి అక్కడి పిల్లలకి నేర్పగలగాలి. పిల్లల పేర్లు పంపే మాష్టారే వాళ్ళకి తోడు వెళ్ళాలి, వాళ్ళు చెప్పిందంతా నిజమేనని ఆయనే పూచీ పడాలి. అన్నిటికన్నా పైనున్న రూలు, ఇంతకు మునుపు దేశం దాటనివాళ్ళకే అర్హత.

"దూది ఏకడం నీకు వచ్చుగా?" అన్నాడు మాష్టారు.

రాకేం? సిద్దికా వాళ్ళు దూదేకులవాళ్ళు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒకప్పుడు పెళ్ళిపరుపు అంటే వాళ్ళ తాత చేతిదే. ఇప్పుడు నాన్న బాజీ ట్రాలీ ఆటోలో మిషను పెట్టుకుని వీధులు తిరుగుతున్నాడు. అమ్మ షమీమ్ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతోంది. తాత దూదేకే విల్లు అటకెక్కింది. కానీ నానమ్మ ఖుర్షిదా ఎప్పుడైనా దాన్ని దించి నరం బిగించి కొట్టిందంటే, వీధి చివరి దాకా ఆ మోత వినిపించాల్సిందే. ముద్ద కట్టిన పాత దూది పొగలా లేచి పడుతుంది. సిద్దికా ఆమె దగ్గరే నేర్చుకుంది, అరచేతులు బొబ్బలెక్కేదాకా.

"వచ్చు సార్. కానీ నేను మక్కా వెళ్ళొచ్చాను కదా?" అంది సిద్దికా.

అదీ నిజమే. దానికి తొమ్మిదేళ్ళప్పుడు, జెడ్డాలో డ్రైవరు పని చేసే బాబాయి అయూబ్ తల్లికి ఉమ్రా యాత్ర చేయించాలని సెలవు మీద వచ్చాడు. "నాకు చదువు రాదు, ఆ జనంలో తప్పిపోతే ఎట్టారా?" అని నానమ్మ మనవరాలిని కూడా వెంటబెట్టుకుంది. సిద్దికాకి గుర్తున్నది కొంచెమే. నానమ్మ చెప్పుల సంచి మెడకి తగిలించుకుని నడవడం, గేట్ల నంబర్లు పైకి చదివి వినిపించడం, కాళ్ళ కింద చల్లటి పాలరాయి. ఊరికి తిరిగొచ్చాక ఖర్జూరాలూ జమ్‌జమ్ నీళ్ళూ తెలిసిన ఇళ్ళన్నిటికీ పంచారు. మాష్టారింటికీ పంచారు. ఆ మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. వాళ్ళమ్మ మంచాన పడి ఉంది, గుక్క దిగడం లేదు. "ఏ పుణ్యతీర్థమైతే ఏంటి పెద్దమ్మా, ఇంకొంచెం ఇప్పించండి" అని అడిగాడు. ఆఖరి గడియలో తన నోట్లో పోయించుకోవడానికని ఖుర్షిదా రెండు చిన్న సీసాలు దాచుకుంది. అందులో ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఇవన్నీ తెలిసిన మనిషే ఇప్పుడు వరండాలో నిలబడి నవ్వాడు. "అది యాత్రమ్మా! తిరపతి వెళ్ళొచ్చినోణ్ణి టూర్ వెళ్ళొచ్చాడంటామా? వాళ్ళు అడిగేది చదువులకీ షికార్లకీ వెళ్ళొచ్చినవాళ్ళ గురించి. అయినా చిన్నప్పటి పాస్‌పోర్టు, దాని గడువు ఎప్పుడో అయిపోయింది. నేను చూసుకుంటాగా."

'విదేశాలకు వెళ్ళారా?' అన్న ప్రశ్న కింద 'లేదు' మీద నొక్కింది ఆయన బొటనవేలే. సిద్దికా కళ్ళారా చూసింది.

ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. నానమ్మతో చెప్పాలనుకుంది, కానీ ఏమని చెప్తుంది? మనం మక్కా వెళ్ళలేదని రాశామనా? ఖుర్షిదా తన బతుకుని రెండుగా లెక్కేసుకుంటుంది, మక్కాకి ముందు, మక్కాకి తర్వాత. మేక ఎప్పుడు ఈనిందని అడిగినా అలాగే చెబుతుంది. సిద్దికా తర్వాత చెప్పొచ్చులే అనుకుని ఊరుకుంది, అదే దాని పొరపాటు.

మొదటి విడతలో పేరు వచ్చింది. ఎంపికైన పిల్లలకి వాడరేవులో ఒక రోజు శిక్షణ పెట్టారు. సాయంత్రం ఎండబెట్టిన చేపల వాసన మధ్య నడుస్తూ మాష్టారు సముద్రం వైపు చూసి, "నాకూ ఇదే మొదటిసారి సిద్దికా. యాభై దాటాయి. పిల్లలకి ప్రపంచ పటం చెప్పీ చెప్పీ గొంతు పోయింది గానీ, మన దేశం గీత దాటింది లేదు. నీ పుణ్యమా అని దాటబోతున్నా" అన్నాడు. సిద్దికాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన వల్ల తన మాష్టారు విమానం ఎక్కుతున్నాడు! ఇంతకన్నా ఏం కావాలి?

ఆఖరి విడత, ఇల్లు చూడటం. అక్కడి పిల్లలు రేపు వచ్చి ఉండాల్సిన ఇల్లు కదా, సంస్థ తరఫున విజయవాడ నుంచి శ్రీరమ్య గారు వస్తుందన్నారు. ఖుర్షిదా ముందురోజే గోడలకి సున్నం కొట్టించింది. పెట్టె అడుగున ఉన్న తెల్ల చీర తీసి కట్టుకుంది. ఆమె లెక్కలో ఇవి పెళ్ళిచూపుల కన్నా పెద్ద చూపులు. ఏ కొలువుకైనా అనుభవం ఉందా అని అడుగుతారని విని ఉంది. మనవరాలిని గెలిపించే మాట తన దగ్గర ఒకటి ఉందని లోలోపల మురిసిపోతోంది. ఆ సంగతి సిద్దికాకి తెలియదు.

శ్రీరమ్య గారు మంచి మనిషిలాగే ఉంది. చాప మీదే కూర్చుంది. సిద్దికా విల్లు కొడుతుంటే వీడియో తీసుకుంది, తనూ కొట్టబోయి జుట్టంతా దూది చేసుకుని నవ్వింది. మాష్టారు పక్కన కుర్చీలో కూర్చుని, పరీక్షలో కూతురు ఫస్టు వచ్చిన తండ్రిలా వెలిగిపోతున్నాడు.

"ఇంత దూరం విమానంలో పంపడానికి మీకేం భయం లేదా అమ్మా?" అని ఖుర్షిదాని అడిగింది శ్రీరమ్య.

"భయమెందుకమ్మా? మా పిల్లకి విమానం కొత్తా ఏంటి!" అంది ఖుర్షిదా. "ఇంత పిల్లప్పుడే నన్ను మక్కా తీసుకుపోయి తీసుకొచ్చింది. బోర్డులన్నీ ఇదే చదివేది. కావాలంటే మాష్టారినడుగు, వాళ్ళమ్మకి జమ్‌జమ్ నీళ్ళు నా చేత్తోనే ఇచ్చా."

గదిలో దూది ఇంకా గాలిలో తేలుతూనే ఉంది. శ్రీరమ్య చేతిలో ఫోను మెల్లగా దించింది.

"సిద్దికా, ఇంతకు ముందు ఎక్కడికీ వెళ్ళలేదని ఉందే?" అంది. గొంతులో కోపం లేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

సిద్దికా మాష్టారి వైపు చూసింది. భయపడి చూడలేదు, ధైర్యంగానే చూసింది. ఆయన చెబుతాడు. యాత్ర సంగతీ, తిరపతి సంగతీ, అంతా వివరంగా చెబుతాడు. నేను చూసుకుంటాగా అన్నాడు కదా.

మాష్టారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "నేను అడిగానండి, లేదనే చెప్పింది" అన్నాడు. ఆ తర్వాత సిద్దికా వైపు చూడకుండా, "పిల్లలు కదండీ, ఆశపడతారు" అని చేర్చాడు.

ఎంత తేలిగ్గా అన్నాడు! హాజరు పలికినంత తేలిగ్గా. సిద్దికాకి తల కొట్టేసినట్టయింది. మీరే కదా సార్ నొక్కారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మాష్టారు అబద్ధం ఆడుతున్నాడని పైకి అనాలంటే, ముందు ఆ సంగతి తను నమ్మాలి. ఆ కాస్త సేపట్లో నమ్మలేకపోయింది. నమ్మేసరికి శ్రీరమ్య గారు చెప్పులు వేసుకుంటోంది, మాష్టారు కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

సిద్దికా పేరు కొట్టేశారు. దాని స్థానంలో జాబితాలో తర్వాత పేరున్న చైతన్యకృష్ణని తీసుకున్నారు. తోడు వెళ్ళే మాష్టారు మారలేదు. పిల్ల మోసం చేస్తే పాపం ఆయనేం చేస్తాడని అందరూ ఆయన మీదే జాలిపడ్డారు. బడిలో సిద్దికా కనిపిస్తే పిల్లలు గుసగుసలు మానేసేవాళ్ళు. ఆ సంగతి ఎట్లాగో ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంట్లో ఉంది.

ఖుర్షిదా మనవరాలితో మాట్లాడటం మానేసింది. కంచం ముందు పెడుతుంది, తల దువ్వుతుంది, మాట మాత్రం లేదు. సిద్దికా ఏడ్చి జరిగిందంతా చెప్పింది. ఆమె విని ఒక్కటే అంది: "మాష్టారు ఎందుకు చెప్తాడే అట్టా? తన తల్లి నోట్లో నా నీళ్ళు పోసిన మనిషి. నువ్వే కాదనుకున్నావు. ఏదో ఊరు చూడటానికి, మక్కా చూడలేదని రాశావు." ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. నట్టేట ముంచినవాడి మాట చెల్లుతోంది, మునిగినదాని మాట ఇంట్లోనే చెల్లడం లేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక ఓ ఆదివారం మాష్టారు వచ్చాడు. చేతిలో అరటిపళ్ళు. గుమ్మంలోనే నవ్వుతూ, "ఏం పెద్దమ్మా, బాగున్నారా?" అన్నాడు. ఖుర్షిదా గబగబా కుర్చీ తుడిచింది.

విషయం ఏమిటంటే, మనిషిని మార్చొచ్చు గానీ నేర్పబోయే పని మార్చకూడదట. అదీ రూలే. దూది ఏకడమనే రాసి ఉంది కాబట్టి, తన ఇంటి పని కాకపోయినా చైతన్యకృష్ణ అదే నేర్పాలి. విల్లు కావాలి. కుదిరితే సిద్దికా ఆ కుర్రాడికి కాస్త చూపించాలి. "అక్కడ నీ పేరు తప్పకుండా చెప్తానమ్మా" అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

ఖుర్షిదా అప్పటికే విల్లు తెచ్చి గోడకి ఆనించింది. మాష్టారు ఇంటికొచ్చి అడిగాక లేదనడం ఆమెకి చేతకాదు.

"తీసుకెళ్ళండి సార్," అంది సిద్దికా. "ఎవరికీ చెప్పొద్దు. శ్రీరమ్య గారికీ వద్దు, బడిలోనూ వద్దు. మీరే వెళ్ళండి పోర్చుగల్. మా నానమ్మ ముందు ఒక్కసారి చెప్పండి చాలు. ఆ 'లేదు' మీద నొక్కింది ఎవరు సార్?"

మాష్టారి నవ్వు అలాగే ఉండిపోయింది, లోపల మనిషి లేకుండా. "ఇప్పుడవన్నీ తవ్వుకోవడం ఎందుకమ్మా? మన బడికి పేరొస్తుంది. నేను కూడా తప్పుకుంటే మూడేళ్ళు మన పిల్లలెవర్నీ తీసుకోరు, తెలుసా?"

"అది కాదు సార్ నేనడిగింది."

ఆయన పెద్దమ్మ వైపు చూశాడు, ఆమె అడ్డుపడి మనవరాలిని కసురుతుందని కాబోలు. ఖుర్షిదా కసరలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది. చదువు రాదు గానీ, బతుకంతా గుమ్మంలోకి వచ్చిన మనుషుల మొహాలు చూసి బేరాలు కుదుర్చుకున్న మనిషి.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో స్టీలు గ్లాసు ఉంది, అడుగున కాసిని నీళ్ళు. రెండో చేతిలో ఖాళీ సీసా.

"ఈ నీళ్ళు మీకు తెలుసు మాష్టారూ," అంది. "ఒక గుక్క తాగి చెప్పండి. 'నేను చెప్పలేదు, మీ పిల్లే లేదని రాయించుకుంది' అనండి. విల్లు నేనే మోసుకొచ్చి మీ ఇంట్లో పెడతా."

మాష్టారు గ్లాసు వైపు చూశాడు. చెయ్యి మోకాలి మీది నుంచి కొంచెం లేచి మళ్ళీ అక్కడే పడింది. ఏమనుకున్నాడో, తల్లి గుర్తొచ్చిందో ఏమో. "బస్సు టైమైంది పెద్దమ్మా" అంటూ లేచాడు. ఆయన బండి మీద వచ్చాడు. బండి వాకిట్లోనే ఉంది.

విల్లు గోడకే ఉండిపోయింది. తర్వాత పెదకాకాని వైపు ఎవరి దగ్గరో ఇంకో విల్లు సంపాదించి, చైతన్యకృష్ణని వెంటబెట్టుకుని, మాష్టారు ప్రపంచ పటంలోని గీత దాటనే దాటాడు. ఆయనకేమీ కాలేదు. బడిలో పూలదండ కూడా వేశారు.

కానీ ఆ ఆదివారం, బండి చప్పుడు వీధి మలుపు దాటాక, ఖుర్షిదా గ్లాసు మనవరాలి ముందు పెట్టింది.

"తాగు."

"వద్దు నానమ్మా. అది నీకోసం దాచుకున్నావు కదా."

"నాకు అప్పటికి బిందెలో నీళ్ళు పోద్దువులే. తాగవే."

సిద్దికా గ్లాసు అందుకుంది. నీళ్ళకి ఏళ్ళ తరబడి సీసాలో ఉన్న వాసన. గుక్క గొంతు దిగుతుంటే నానమ్మ చెయ్యి దాని తల మీద పడింది.

"నువ్వు వెళ్ళావే," అంది ఖుర్షిదా, ఎవరో కాదని వాదిస్తున్నట్టు కోపంగా. "నా చెప్పులు మోసింది నువ్వే."