నలభై దాటని మనిషి

నూనె కడ్డీ పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మట్టం సరిగ్గా పై గీత దగ్గరే ఉంది. బానెట్ దించి, మోచేత్తో నొక్కి మూసి, అంబులెన్స్ ఎక్కి కూర్చున్నాడు. వెనక రోగి పడుకునే చోట నాలుగు ఇసుక బస్తాలున్నాయి. కొత్తగా కట్టిన ఇంజిన్‌కు కాస్త బరువు కూడా రుచి చూపించాలి.

షెడ్డులో అతన్ని అందరూ నలభై అంటారు. అది వయసు కాదు, వయసులో ఆ అంకె ఎప్పుడో వెనకబడిపోయింది. బోరు చేసి, కొత్త పిస్టన్లు, రింగులు వేసిన ఇంజిన్లను మచ్చిక చేయడం అతని పని. వేగం నలభై దాటనివ్వడు. ఇరవైకి దించి, మళ్ళీ నలభైకి తెచ్చి, ఎదురెక్కుడులో కొంచెం కష్టపెట్టి, చుట్టుకోసారి షెడ్డుకు తెచ్చి చల్లార్చి, ఐదువందల కిలోమీటర్లు బుజ్జగిస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే బతుకు. అతను మచ్చిక చేసిన బళ్లే అతన్ని దాటుకుంటూ ఎనభైలో పోతుంటాయి. అతనికి ఏనాడూ కష్టంగా అనిపించలేదు.

ఒక్క చిక్కుంది. ఊళ్లో ఎదురెక్కుడు ఒక్కటే, దానికి ముందు మలుపులోనే అతని ఇల్లు. ప్రతి చుట్టులోనూ అక్కడికి రాగానే పాదం దానంతటదే లేస్తుంది. కిటికీ పక్క కుర్చీలో భార్య ఉంటుంది. ఆమె తల ఊపుతుంది, ఇతనూ ఊపుతాడు, మళ్ళీ పాదం దిగుతుంది. ఇంజిన్లు మాత్రం ఆ అలవాటు మర్చిపోవు. పాలవ్యానో, రొట్టెల బండో, బడి బస్సో, ఇతని చేతిలో మెత్తబడిందయితే చాలు, ఎవరు నడుపుతున్నా సరే, ఆ మలుపులో ఒక్క క్షణం నీరసిస్తుంది. ఎన్నిసార్లు విప్పి చూసినా లోపం దొరకలేదు. మీ ఇల్లు కనబడితే బండికి సిగ్గు ముంచుకొస్తోందయ్యా అని డ్రైవర్లు ఆటపట్టించేవారు. అతనూ నవ్వేవాడు. లోలోపల కొంచెం భయంగానే ఉండేది.

అంబులెన్స్ డ్రైవర్ మాత్రం నవ్వలేదు. నిన్న సాయంత్రం షెడ్డుకొచ్చి అతని చేయి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, దీనికి మాత్రం ఆ అలవాటు చెయ్యకండి. ఆ ఒక్క క్షణంలోనే ప్రాణం పోయేవాళ్లుంటారు."

చెయ్యనని మాట ఇచ్చాడు. పొద్దున భార్యకు సంగతి చెప్పాడు. ఎడమ భుజం లాగుతోందంటే ఆమెకు మందు రాస్తూనే చెప్పాడు. ఎనిమిది చుట్లు తిరగాలనీ, ఒక్కదాంట్లోనూ వేగం తగ్గించననీ, అసలు కిటికీ వైపే చూడననీ, చూస్తే తన పాదం తన మాట వినదనీ అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది.

"చూడకపోతే ఏం లెండి. చప్పుడు వింటే తెలియదూ నాకు, మీరేనని."

మొదటి చుట్టు తొమ్మిదింటికి. మలుపు వచ్చింది. వేడి చూపించే ముల్లు మీద కళ్లు పెట్టుకుని, పాదం బిగబట్టి దాటేశాడు. గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు.

రెండో చుట్టు పదింటికి. మలుపులో ఇంజిన్ కాస్త వెనక్కి లాగింది, ఎవరో చొక్కా కొస పట్టుకుని లాగినట్టు. పాదం వైపు చూసుకున్నాడు. లేవలేదు. ఈ ఇంజిన్‌కు ఈ మలుపు ఎవరూ నేర్పలేదు. నిన్న మధ్యాహ్నం దాకా అది బల్ల మీద ముక్కలుగా పడి ఉంది. ఇంకాస్త తొక్కి దాటించాడు.

మూడో చుట్టులో మరింత గట్టిగా లాగింది. షెడ్డుకొచ్చి పెద్ద మేస్త్రీకి చెప్పాడు. ఆయన డీజిల్ గొట్టం విప్పి ఊది, ఫిల్టర్ తీసి చూసి, అంతా శుభ్రంగానే ఉందన్నాడు. నీకు తెలియకుండా నీ కాలే లేస్తోంది, ఒక్కసారి ఇంటికెళ్లి ఆవిడ మొహం చూసి రారాదా అని ఎగతాళి చేశాడు. వెళ్లొచ్చు. మనసు పీకింది కూడా. కానీ మాట ఇచ్చాడు. ముక్కూమొహం తెలియని ఏ రోగి కోసమో ఆ పూట గుండె రాయి చేసుకున్నాడు.

నాలుగో చుట్టులో, పన్నెండింటికి, మలుపు తిరగగానే ఇంజిన్ చప్పుడు పూర్తిగా దిగిపోయింది. పాదం అడుగంటా నొక్కే ఉంది. వేగం చూపించే ముల్లు నలభై నుంచి ఇరవైకి, పదికి పడింది. బండి ఇంటి ముందుకొచ్చి నిలబడింది. ఇంజిన్ మాత్రం ఆరిపోలేదు, ఒకే తీరున మెల్లగా కొట్టుకుంటోంది. వీధిలో నరపురుగు లేదు. ఆ పూటకు మొదటిసారి తల తిప్పి కిటికీ వైపు చూశాడు.

ఆమె కుర్చీలోనే ఉంది. తల ఊపలేదు. ఆ తల కిటికీ చువ్వలకు ఆనుకుని ఉంది.

ఇసుక బస్తాలు ఎలా కిందికి విసిరాడో, ఆమెను ఎలా ఎత్తి పడుకోబెట్టాడో అతనికి గుర్తు లేదు. ఎదురెక్కుడులో ముల్లు తొంభై దాటింది. ఆ పచ్చి ఇంజిన్ ఎక్కడా నీరసించలేదు. ప్రాణం పోయి రెండున్నర గంటలైనా అయి ఉంటుందని ఆస్పత్రిలో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అంటే రెండో చుట్టుకు ముందే. మొదటి చుట్టులో ఒక్కసారి తల తిప్పి ఉంటే ఏమయ్యేదో. ప్రాణాలు నిలబెట్టే బండిలో కూర్చునే, ఆమె ముందు నుంచి మూడుసార్లు చూడకుండా పోయాడు. అది తలుచుకున్నా ఏడుపు రాలేదు. అంబులెన్స్ డ్రైవర్ వచ్చి భుజం మీద చేయి వేశాడు.

"నేను అలవాటు చెయ్యలేదు బాబూ," అన్నాడు అతను. "అదే ఆగింది."

సాయంత్రం ఆమెను ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, అతను వచ్చి ఆ కుర్చీ పక్కన నిలబడ్డాడు. కిటికీ గట్టు మీద, వీధిలోకి కనబడని మూల, తన పాత ఖాకీ చొక్కాల గుండీలు ఎనిమిది కనిపించాయి. తను ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఆమె ఒక్కో గుండీని ఎడమ నుంచి కుడికి జరుపుకునేదని ముప్ఫై ఏళ్ల తర్వాత అప్పుడు అర్థమైంది. పదింటికి ముందే పోయిన మనిషి జరిపింది ఒక్కటే అయి ఉండాలి. ఆ పొద్దున అతను తప్ప ఇంట్లోకి ఇంకెవరూ రాలేదు. ఎడమవైపు నాలుగు గుండీలున్నాయి, కుడివైపు నాలుగు. ఆ నాలుగోదాని కంతల్లో తెగిన ఖాకీ దారం ఇంకా చిక్కుకునే ఉంది.