కాలు కింద పెట్టకుండా

ఛీ, మళ్ళీ ఆ మూడో పీపా దగ్గరే, యాక్సిలరేటర్ కాస్త ముందే వదలాల్సింది, వదిలితే ముందు చక్రం దిగబడుతుంది, వదలకపోతే బండి వెల్లకిలా తిరగబడుతుంది, ఎన్ని రోజులనుంచి ఆడుతున్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే, అదిగో ఎర్ర హెల్మెట్ బొమ్మ గాల్లో పల్టీ కొట్టి చెక్కవంతెన కింద పడింది, పడితే ఏమైంది, వేలితో ఒక్కసారి తాకితే చాలు, ఒళ్ళు దులుపుకోనైనా దులుపుకోకుండా మళ్ళీ బండి మీద సిద్ధం, దెబ్బ తగిలిందా అని అడిగేవాళ్ళు లేరు, నీకెందుకొచ్చిన గొడవ అనేవాళ్ళు అసలే లేరు, అందుకే కదా ఈ పాడు ఆట వదలబుద్ధి కాదు అనుకుంటూ ఆమె ఫోను మీద మళ్ళీ వేలు పెట్టింది, డ్రైవింగ్ పరీక్ష జరిగే మైదానం అంచున రేకుల షెడ్డు నీడలో, పక్కనే మరిది స్కూటరు, దాని పక్కన సీటు తుడుస్తూ మరిది, ఎదురుగా నేల మీద తెల్లరంగుతో గీసిన పెద్ద ఎనిమిది, కుర్చీలోంచి లేవకుండానే ఊఁ, తర్వాత ఎవరు అంటున్న ఇన్‌స్పెక్టరు, వాడెవడో కుర్రాడు చెవి గోక్కుంటూ అవలీలగా రెండు చుట్లు తిరిగి వచ్చేశాడు, దిష్టి తగలా.

ఆ ఎనిమిది మీద రెండు చుట్లు తిరగాలి, కాలు కింద పెట్టకూడదు, అంతే, అంతకన్నా ఏమీ లేదు, ఇంతకుముందు వచ్చిన రెండుసార్లూ పెట్టేసింది, తను పెట్టలేదు, కాలు దానంతట అదే దిగింది, ఈ మాట ఎవరికి చెప్తే నమ్ముతారు, తను పనిచేసే ల్యాబులో మేడమ్‌తో అంటే ఆవిడ నవ్వి, నీ కాలి సంగతి నాకెందుకమ్మా, ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొచ్చే పని నీకే ఇద్దామని నాకూ ఉంది, లైసెన్సు లేకుండా బండిచ్చి ఎలా పంపను, ఈ వారం దాటితే కౌంటర్ అమ్మాయికి ఇచ్చేస్తా, తనకి లైసెన్సుంది అంది, ఆ అమ్మాయికి సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, అయినా నేర్పిస్తారట, ఈ వారంలో ఇక మిగిలింది ఈ రోజే, ఈ రోజు పోతే మళ్ళీ ఆ కిటికీ లేని గది, ఆ పచ్చ తెర, ఆ ఒక్క కుర్చీ, తెర పక్కనుంచి లోపలికొచ్చే చేతులు, పిడికిలి బిగించండి, అయిపోయింది, దూది నొక్కి పట్టుకోండి, పెళ్ళి కాకముందునుంచీ అవే మూడు మాటలు, బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో వచ్చినవాళ్ళ చొక్కాలు చూసి తెలుసుకోవడం, పొద్దున్నే బండేసుకుని వీధి వీధీ తిరగొచ్చని మేడమ్ అన్న రోజు రాత్రంతా నిద్ర పట్టలేదు ఆమెకి, అంత ఆశ పడింది, ఆశ పడ్డందుకు ఇప్పుడు తన మీద తనకే కోపంగా ఉంది.

వదినా, నీకు బ్యాలెన్సు రాకపోవడమేంటి, ఏడ్చే పసిపిల్లల చేతిలో కూడా నరం పట్టుకుంటావు, ఇది ఆడు, అదే వస్తుంది అని ఫోనులో ఈ ఆట వేసిచ్చింది మరిదే, మొదట్లో సిగ్గేసింది, ఈ వయసులో ఇదేం పిచ్చి అని, తర్వాత కుక్కర్ కూతకీ కూతకీ మధ్య కూడా ఆగలేకపోయింది, దుంగ దాటితే పాత బస్సు, బస్సు దాటితే గొయ్యి, గొయ్యి దాటితే ఆ దిక్కుమాలిన పీపాలు, ఇంకొక్కసారి, ఇదే ఆఖరు, కాదు ఇది, తల ప్రాణం తోకకొస్తున్నా ఆపలేదు, నువ్వు ఫోనులో దూకినన్నిసార్లు బయట బండి నడిపుంటే ఈపాటికి విమానం నడిపేదానివి అన్నాడు భర్త సోఫాలోంచి, అని ఊరుకోలేదు, పడితే పడ్డావు గానీ మా ఆఫీసువాళ్ళు ఉండే వీధిలో మాత్రం పడకు అన్నాడు, పెళ్ళాం కాలు విరిగితే ఫరవాలేదు గానీ ఆయన పరువు విరక్కూడదు, ఆ రోజు బెండకాయలు తరిగింది, చెప్పాల్సిన మాటలన్నీ ఇప్పుడొస్తున్నాయి, ఇక్కడ, ఎవరికి చెప్తుంది, స్కూటరుకా.

వదినా, నిన్నే పిలుస్తున్నారు, ఫోనిలా ఇవ్వు, కంగారు పడకు అన్నాడు మరిది, కంగారు పడకు అని ఎవరైనా అంటే చాలు కంగారు మొదలవుతుంది, బ్రేకు కొంచెం బిగుతుగా ఉందయ్యా అంది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వదినా అని నవ్వాడు, ఆమె హెల్మెట్ పెట్టుకుంది, బండి గీత మీదికి వచ్చింది, వచ్చిందో లేదో ఎప్పటి వరసే మొదలైంది, షెడ్డు కింద వాళ్ళంతా తననే చూస్తున్నారు, వాళ్ళ కళ్ళతో తనని తనే చూస్తోంది, పెద్ద హెల్మెట్, బిగదీసిన మోచేతులు, వంగిన వీపు, ఫోనులో బొమ్మ ఎలా కనపడుతుందో అచ్చం అలాగే పక్కనుంచి, ఎంత వంగిందో, ఎంత ఊగిందో అన్నీ కనపడుతున్నాయి, ఇదిగో ఇప్పుడు పడేలా ఉంది, ఇప్పుడు నవ్వుతారు, ఆ నడుము దగ్గర, రెండు సున్నాలూ కలిసేచోట, బండి వాలింది, కాలు వెళ్ళి నేల మీద ఆనింది, ఆనాక గానీ ఆమెకి తెలియలేదు.

అయిపోయిందమ్మా, పక్కకి తీసేయండి, మళ్ళీ డేట్ తీసుకోండి అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఎంత మామూలుగా అన్నాడు, దూది నొక్కి పట్టుకోండి అన్నట్టు, అయిపోయింది, పొద్దుటి వీధులన్నీ కౌంటర్ అమ్మాయివి, తనకి పచ్చ తెర, ఏడుపు రావాలి, రాలేదు, ఒళ్ళు మండింది, ఇంట్లో ఆయన మీద, ఆయన సోఫా మీద, ఆ మూడో పీపా మీద, చచ్చినట్టు దిగిన ఈ కాలి మీద, పక్కకి తీయాల్సింది పోయి చెయ్యి యాక్సిలరేటర్ తిప్పేసింది, ఏమండీ, మీకే చెప్పేది అని వెనకనుంచి అంటున్నారు, వినపడింది, అననీ, ఇక పోయేదేముంది, ఎవరు వేస్తారు ఇప్పుడు మార్కులు, తెల్లగీత చక్రం కిందికొచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, అక్కడ పెయింటు పెచ్చు లేచింది, అక్కడ ఎవరో పారేసిన టీ కప్పు, దాని పక్కనుంచి, ఇటు, ఇప్పుడు అటు, నడుము ఎప్పుడు దాటిందో, ఎన్నిసార్లు దాటిందో, గీత ఎటు వంగితే చూపు అటు వెళ్ళింది, చూపు వెనకే బండి వెళ్ళింది, ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకొచ్చి ఆగినప్పుడు మరిది పరుగెత్తుకొచ్చాడు, రెండు చుట్లు పూర్తిగా వదినా, ఒక్కసారి కూడా పెట్టలేదు అన్నాడు, ఇన్‌స్పెక్టరు పెన్ను మూస్తూ, ఈ ఎనిమిదేదో ముందే వేసుంటే నేనెందుకు ఫెయిల్ చేస్తానమ్మా, ఇప్పుడేం చేయలేను అన్నాడు, నిజమే, ముందే ఎందుకు వేయలేదు, అదే చెయ్యి, అదే బ్రేకు, అదే కాలు, మోచేతులు బిగుసుకున్నాయా లేదా అని ఇప్పుడు గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తు లేదు, హెల్మెట్ ఎలా కనపడిందో తెలియదు, ఎవరు నవ్వారో తెలియదు, గీత ఒక్కటే గుర్తుంది, బండి మీద ఉన్నవాళ్ళకి తాము కనపడరు, దారే కనపడుతుంది, ఇంత చిన్న సంగతి, ఇంట్లోనూ, ల్యాబులోనూ, ఈ మైదానంలోనూ ఇన్నాళ్ళూ ఆమె షెడ్డు కింద వాళ్ళతో పాటు నిలబడి తనని తను చూసుకుంటూ ఉండిపోయింది గానీ, బండి ఎక్కింది మాత్రం ఇప్పుడే.