ఆకాశం పాసింజరు

పంపు మూత పేటర్ను మూలలో మైనం నింపి బొటనవేలితో నునుపు చేస్తున్నాడు నరసింగరావు. చెక్కతో చేసిన ఆ నమూనాని ఇసకలో ఒత్తి తీస్తారు. పడిన గుంటలో కరిగిన లోహం పోస్తారు. మూల పదునుగా ఉంటే లోహం అక్కడే బీట వేస్తుంది కాబట్టి చెక్కలోనే దాని పొగరు అణచాలి. ఏళ్ల తరబడి ఆ పనే చేసి అతని బొటనవేలు ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని మీద గీతలు కూడా అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ అతన్ని ఎప్పుడూ మొదటిసారి ఒప్పుకోదు.

రేపటి నుంచి ఈ పని లేదు. కంప్యూటర్‌తో పేటర్ను చెక్కే మెషిన్ వస్తోంది. ఈ గది ఖాళీ చెయ్యాలి, అరల్లో ఉన్న చెక్కంతా టీ కొట్టు పొయ్యిలోకి పోవాలి. అయినా మైనం సగం పెట్టి వదిలేస్తే వేలికి తోచదు.

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ భిలాయి స్టీల్ ప్లాంటు పేటర్ను షాపులో చేశాడు. రిటైరయ్యాక ఖుర్సీపార్‌లో రైలు పట్టాల పక్కనున్న ఈ చిన్న ఫౌండ్రీలో చేరాడు. ఇంట్లో ఎవరూ లేరు. పిల్లలు పుట్టలేదు. భార్య కనకరత్నం పోయి చాలా కాలమైంది. ఇక్కడైతే కనీసం ఎవరో ఒకరు, అది ఎప్పుడవుతుందని అడుగుతారు.

మైనం ఆరబెట్టి స్టూలెక్కాడు. పొద్దున్నుంచి ఎడమ భుజం కింద ఎవరో బెంచి వైసులో పెట్టి మర బిగిస్తున్నట్టుంది. కాసేపు అర పట్టుకుని నిలబడి, పై వరసలోంచి గోనెపట్టా చుట్టిన దాన్ని దింపాడు.

అది మూరెడు పొడుగున్న ఓడ. నీటి మీద పోయేది కాదు, ఆకాశంలో పోయేది. రైలు పెట్టెలాంటి ఒళ్లు, దాని నడుముకి చక్రం, చక్రం చుట్టూ సన్నటి వరండా. వరస కిటికీలు. పక్కన గుండ్రటి గుమ్మం.

కొత్తగా భిలాయి వచ్చిన రోజుల్లో సెక్టర్ 2 లైబ్రరీలో ఏదో పాత పత్రికలో ఒక బొమ్మ చూశాడు. చుక్కల మధ్య తిరిగే పెద్ద చక్రం, అందులో ఇళ్లు, చెట్లు. ఇదిప్పుడెక్కడుందని లైబ్రరీ ఆయన్ని అడిగితే, ఎక్కడా లేదయ్యా, గీసి వదిలేశారు, కట్టలేదు అన్నాడు. నరసింగరావుకి ఆ రాత్రి అన్నం దిగలేదు. పేటర్ను చేసి పోత పొయ్యకుండా అటకెక్కించడం అతనికి తెలిసిన దుఃఖమే. పైవాళ్ల మనసు మారితే అలాంటివి షాపులో గుట్టలు పడేవి. కానీ ఆకాశంలో కూడా అలాంటి అటకలు ఉంటాయని అప్పటిదాకా అనుకోలేదు.

అప్పట్నుంచి సెలవు దొరికితే ఎవరూ కట్టని ఓడలు చెక్కాడు. కొన్ని చెదపట్టాయి, కొన్ని పొరుగిళ్ల పిల్లలు ఆడి విరిచారు. మిగిలింది ఈ పాసింజరు. పెళ్లయిన వారానికి కనకరత్నంతో పలాసలో రైలెక్కి, విజయనగరంలో మారి, ప్రతి స్టేషన్లోనూ ఆగే బండిలో ఇక్కడికొచ్చాడు. ఆకాశంలోకి వెళ్లినా అలాగే వెళ్లాలని అతని లెక్క. నిదానంగా, పిల్లాజెల్లాతో, దిగాలనిపించిన చోట దిగుతూ.

చెక్కుతుంటే కనకరత్నం పక్కన కూచుని కూర తరిగేది. "అంతా బాగుంది గానీ వంటిల్లేదీ?" అని ఆవిడే అడిగింది. అందుకే చక్రంలో ఒక చోట పొగ పోవడానికి బెజ్జం ఉంటుంది. ఆ గుమ్మానికి తలుపు కూడా ఆవిడదే. ఆ రైల్లో మంచినీళ్లు తెచ్చుకున్న ఇత్తడి మరచెంబు మూత. చెంబు ఎప్పుడో చిల్లుపడి పోయింది. మూత మీద ఉలితో కొట్టించిన పేరు మాత్రం చెక్కుచెదరలేదు: కనకరత్నం, పలాస. పోత పోశాక ఆ మూత సరిగ్గా కూర్చునేలా గుమ్మం కొలిచి చెక్కాడు.

ఒక్కసారి దీన్ని లోహంలో చూడాలి. చెక్కగా ఉన్నన్నాళ్లూ అది గీసి వదిలేసిన బొమ్మే. ఇవాళ పొయ్యకపోతే రేపు టీ కొట్టు పొయ్యిలోకి.

మూత జేబులో వేసుకుని, ఓడని చంకలో పెట్టుకుని షెడ్డులోకి నడుస్తుంటే యజమాని అనిల్‌కుమార్ ఎదురొచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు.

"ఏంటి అంకుల్, రాకెట్టా? మనవాళ్లు చాంద్ మీద దిగిపోయారు కదా. అబ్ ఇదెందుకు?"

"అది దిగడానికెల్లింది బాబూ. ఇది ఎల్తా ఉండడానికి."

అనిల్‌కుమార్ నవ్వి, "సరే, పోసుకోండి. ఆఖరీ దిన్ హై," అని ఫోను చెవికి ఆనించుకుంటూ వెళ్లిపోయాడు.

అచ్చుల కోసం ఇసక పెట్టెలు కొట్టే చినబాబు బొబ్బిలి వైపు మనిషి. వయసులో చిన్నవాడు, నోట్లో గుట్కా, మాటలో వెటకారం.

"రాకెట్టంటే తెల్లగుండాల గదా. ఇదేటి మావా, నలుపూ ఎరుపూ పసుపూ? జాతర్లో గుర్రంనాగుంది."

పోత వచ్చినట్టే ఉంచే చోట నలుపు, మెషిన్ మీద చెక్కవలసిన చోట ఎరుపు, లోపలి బోలు కోసం ఇసక దిమ్మ కూర్చునే చోట పసుపు. పేటర్నుకి వేసే రంగులే ఓడకీ వేశాడు.

"రంగు తరవాత సూసుకుందాం. ముందు పుట్టనీరా."

"పుట్టించొచ్చు గానీ, ఇయ్యాల ఇనుం కొలిమి ముట్టించనేదు. అల్మినియమే ఉంది. ఏటంతావు?"

"రేపు ముట్టిత్తారా?"

"రేపు నువ్వుంతావేటి ఇక్కడ?"

నరసింగరావు కాసేపు కొలిమి వైపు చూశాడు. "అదే పోసెయ్యి. ఎగరాల్సిందానికి తేలికే మంచిది."

చినబాబు వెటకారం మానేసి పనిలోకి దిగాడు. ఇసక జల్లించి, ఓడ చుట్టూ దట్టించి, సుత్తితో అటూ ఇటూ మెల్లగా తట్టి పైకి తీశాడు. ఇసకలో ఓడ ఆకారంలో ఖాళీ మిగిలింది. చినబాబు లోపలికి వంగి రాలిన రేణువుల్ని నోటితో ఊదాడు. దిమ్మలు అమర్చి పెట్టె మూశాక వెండి పాలలాంటి లోహం సన్నటి ధారగా లోపలికి జారింది. నరసింగరావు ఊపిరి బిగబట్టి, పెట్టె మీది గొట్టం నిండి లోహం పైకి ఉబికాక వదిలాడు.

"నాలుగ్గంటలకి రా. నువ్వొచ్చేదాకా ఇప్పను," అన్నాడు చినబాబు.

"మాటేనా?"

"మాటే మావా. ఎల్లి కూకో. మొకమేటి అలా పాలిపోనాది?"

గదిలో బెంచి పక్కన స్టూలు మీద కూచుని గోడకి ఆనుకున్నాడు. జేబులోంచి మూత తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎదురుగా మేకులకి రెండు స్టీలు స్కేళ్లు వేలాడుతున్నాయి. చూడ్డానికి మామూలు స్కేళ్లే. కానీ చల్లారిన లోహం కుదించుకుపోతుంది కాబట్టి, పేటర్నువాడి అంగుళం అసలు అంగుళం కంటే ఆ మేరకి పెద్దది. ఇనుముకి ఒక స్కేలు, అల్యూమినియానికి ఇంకొంచెం పెద్దది ఒకటి.

ఓడని ఇనుము స్కేలుతో చెక్కాడు.

రెండింటినీ మార్చి మార్చి చూశాడు. పొరపాటు కళ్ల ముందే వేలాడుతోంది. ఇనుమైతే గుమ్మం మూతకి సరిగ్గా వచ్చేది. అల్యూమినియం ఎక్కువ కుదించుకుపోతుంది. వెంట్రుకవాసి ఇరుకైపోతుంది, మూత లోపలికి దిగదు. చినబాబుకి చెప్పాలని లేవబోయాడు. భుజం కింద వైసు ఇంకో మర బిగిసింది. మళ్లీ కూలబడ్డాడు.

"మరిసిపోనానే," అన్నాడు మూత మీది పేరుతో. తర్వాత కొంచెం నవ్వొచ్చింది. తలుపు లేకపోతే గాలి వస్తుంది. పాసింజరు బండిలో గుమ్మం ఎవరు మూశారు గనక? ఆవిడ దారి పొడుగునా ఆ గుమ్మం దగ్గరే కూచుంది, పైట ఎగురుతుంటే.

బయట దుర్గ్ లోకల్ కూతవేసి వచ్చింది. కిటికీ అద్దం అదిరింది, మేకులకున్న స్కేళ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. బండి దాటిపోయాక స్కేళ్లు ఆగాయి. బెంచి మీద మైనం ఆరింది. నరసింగరావు కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు.

నాలుగింటికి పిలవడానికొచ్చిన చినబాబు గుమ్మంలో నిలబడి రెండుసార్లు మావా అన్నాడు. మూడోసారి అనలేదు.

కార్యం చెయ్యడానికి పలాస నుంచి ఎవరూ రాలేదు. ఫౌండ్రీ వాళ్లే మోశారు. మర్నాడు గది ఖాళీ చేస్తుంటే, ఎవరూ విప్పని ఇసక పెట్టె ముందు చినబాబు కాసేపు గొంతుక్కూచుని, చివరికి విప్పాడు. ఓడ ఎక్కడా బీట లేకుండా వచ్చింది. వరండా వచ్చింది, కిటికీలు వచ్చాయి, పొగ బెజ్జం కూడా వచ్చింది. నిన్న నరసింగరావు పిడికిలిలోంచి తీసి దాచిన మూతని గుమ్మానికి ఆనించి చూశాడు. వెంట్రుకవాసిలో ఆగిపోయింది. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. మావ కొలత తప్పుతాడేటి, తెరిచి ఉంచాలనే అలా చేసుంటాడు అనుకుని కింద పెట్టేశాడు.

ఇప్పుడా ఓడ చినబాబు ఇంట్లో పట్టాల వైపు కిటికీలో ఉంది, గుమ్మం తెరుచుకుని. పక్కన ఆనించిన మరచెంబు మూత, బండి వెళ్లిన ప్రతిసారీ, పేరున్న వైపు ముందుకి పెట్టుకుని కాస్త వణుకుతుంది.