ఒక్కడే తినాల్సిన గుప్పెడు

సాయవ్వ వాకిట్లో కూర్చుని నానబెట్టిన బాదం గింజల పొట్టు తీస్తోంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తెల్లటి గింజ జారి పళ్లెంలో పడుతోంది. పొట్టుతోనే తినొచ్చని డాక్టరు చెప్పినా ఆమె వినదు. పొట్టు అరగదంతే. పళ్లెంలో ఓ పక్కన అక్రోట్ పలుకులు, ఇంకో పక్కన ఉప్పు వేయకుండా వేయించిన పల్లీలు. వాటి మీద ఆమె మొగుడు ముత్యానికి తప్ప ఆ ఇంట్లో ఇంకెవరికీ హక్కు లేదు. ఆఖరికి పొట్టు తీసే ఆమెకు కూడా లేదు. అక్రోట్ ముక్క ఒకటి కింద పడితే ఏరి, ఉఫ్ అని ఊది, మళ్లీ పళ్లెంలోనే వేసింది.

"ఇయ్యాలన్న నువ్వు తింటవా, ఊరంత పంచిపెట్టొస్తవా?" అంది తలెత్తకుండానే.

"తింట తియ్యే," అన్నాడు ముత్యం చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నిన్న గూడ గట్లనే అన్నవు. పొద్దుమూకి మీ మిల్లు ఊడ్చే రూప్లి ఎదురొచ్చి, అక్కా, బాదంలు మస్తున్నయి అంటది. నాకు పాణం పోయినంత పనైంది."

ముత్యం గుండీల మీదికి తల వంచాడు. దొరికిపోయాడు కదా.

"రేపు నెత్తురు పరీక్ష ఉన్నది, యాదికున్నదా?" అంటూ గింజలన్నీ చిన్న స్టీలు డబ్బాలో పోసి, మూత గట్టిగా నొక్కి, తనే తెచ్చి అతని జేబులో పెట్టింది. పెట్టాక జేబు మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

ముత్యం బాన్సువాడలో కోటగిరి రోడ్డు మీది రైస్ మిల్లులో పనిచేస్తాడు. బస్తాల మూతులు కుట్టడం, చిరిగిన గోనె సంచులకు అతుకులు వేయడం అతని పని. మూతులు కుట్టే మిషన్ వచ్చి చాలా కాలమైంది గానీ, అది నెలలో సగం రోజులు మొరాయిస్తుంది, ముత్యం మొరాయించడు. అందుకే ఉంచారు. పొట్టి మనిషి. ఎప్పుడూ బస్తా మీదికి వంగి ఉండటం వల్ల నిలబడినా వంగినట్టే కనిపిస్తాడు. దబ్బనం పట్టీ పట్టీ కుడిచేతి బొటనవేలు పక్క చర్మం గిట్టలా మొద్దుబారింది. మిల్లులో ఎవరినీ ఒక మాట అన్నవాడు కాదు, ఎవరి చేతా పడ్డవాడూ కాదు.

పోయిన దసరా ముందర ఒకరోజు మూత్రం ఆగిపోయింది. నిజామాబాద్ దవాఖానకు ఉరికారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. ముదరలేదు గానీ వదిలేస్తే ముదురుతుందన్నారు. కొన్ని నెలలకోసారి సూది వేస్తున్నారు. తిండి సంగతి కూడా డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. మటన్, బొక్కల చారు తగ్గించమన్నాడు. కూరగాయలు, టమాటాలు, పప్పు బాగా తినమన్నాడు. రోజూ ఒక గుప్పెడు బాదమో, అక్రోటో, పల్లీలో తింటే ఒంట్లో సత్తువ నిలుస్తుందన్నాడు. సూదితో గుండెకు కొంచెం జాగ్రత్త కావాలి, దానికీ మంచిదన్నాడు. "ఇది మందు కాదమ్మా, మందుకు తోడు. ఇవి తింటున్నామని సూది మానొద్దు," అని రెండుసార్లు చెప్పాడు.

అంత మాటలోనూ సాయవ్వ గుప్పెడు అన్న ముక్కనే పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది, పాపం! సూది డాక్టరు చేతిలో ఉంది. పరీక్ష మిషన్ చేతిలో ఉంది. మొగుడు బతకడానికి ఆమె చేతిలో ఉన్నది ఈ గుప్పెడు గింజలే. అవి ఒక్క పూట అతని కడుపులోకి వెళ్లకపోతే, ఆ పూట రోగానికి ఇంకాస్త బలమిచ్చినట్టే ఆమె లెక్క. ఆ భయంతో ఆమెకు అన్నం కూడా సరిగ్గా సహించడం లేదు.

ముత్యం భయం వేరే. అసలు సంగతి మిల్లులో ఎవరికీ చెప్పలేదు. మాటిమాటికీ గోడ వెనక్కి ఎందుకు పోతున్నావంటే షుగర్ అన్నాడు. షుగర్ ఈ రోజుల్లో ఎవరికి లేదు! అందరూ నమ్మారు. కానీ షుగర్ అని చెప్పినవాడు చెప్పగలిగింది అంతే. ఇవి నా వంతు గింజలు, మీరు ముట్టొద్దు అని ఎలా అంటాడు? నలుగురి మధ్య డబ్బా తెరిచి ఒక్కడే తినడం ఆ మిల్లులో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం గోనె పరుచుకుని కూర్చుంటే ఎవరి కూర ఎవరిదో చెప్పలేం. అయినా ఎదుటివాళ్ల కళ్లు పడిన తిండి ఒంటికి పడుతుందా?

కానీ ఈ రోజు పొద్దున సాయవ్వ చెయ్యి జేబు మీద ఉండిపోవడం అతని మనసులోంచి పోలేదు. ఈ ఒక్కరోజైనా తినాలనుకున్నాడు. లారీ లోడు అయిపోయి కాస్త తెరిపి దొరకగానే మిల్లు వెనక ఊక కుప్ప చాటుకు పోయాడు. ఎండ మండిపోతోంది. గొంతుక్కూర్చుని డబ్బా తెరిచి రెండు బాదం గింజలు నోట్లో వేసుకున్నాడు. దవడ పళ్లు కదులుతున్నాయి. గబగబా నమలలేడు. నములుతూ అటూ ఇటూ చూస్తున్నాడు. తన డబ్బా, తన గింజలు, అయినా మూతను వాటికి అడ్డం పెట్టుకున్నాడు. అరవై దాటిన వయసులో ఇదేం ఖర్మ అనిపించింది.

తట్ట పట్టుకుని ఊక కోసం వచ్చిన రూప్లి సరిగ్గా అప్పుడే కుప్ప మలుపు తిరిగింది. తండా నుంచి వచ్చి మిల్లు ఊడ్చే మనిషి.

"ఏందన్నా, గీడ కూసున్నవు?"

నోట్లో నలగని గింజలు. మింగలేడు, మాట్లాడలేడు. చేతికి వేరే పని తోచక డబ్బా ఆమె ముందుకు చాపాడు. ఆమె నవ్వి, రెండు తీసి నోట్లో వేసుకుని, మరో రెండు కొంగు చివర ముడేసుకుంది. ముత్యం మూత పెట్టేశాడు. పొద్దున జేబు మీద పడిన చెయ్యి మళ్లీ గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చింది.

మధ్యాహ్నం గోనె పరిచారు. రూప్లి, హమాలీల మేస్త్రి భూమేశ్, రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చి బస్తాలు మోసే భీంరావు, ముత్యం. డబ్బాలు ఇంకా పూర్తిగా తెరవనే లేదు, రూప్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ముత్యమన్న ఊక ఎనక దాక్కొని బాదంలు తింటుండు!"

అంతే. భూమేశ్‌కు ఆ మాత్రం అందితే చాలు.

"అబ్బో! ఏం సంగతి బావా? ఒక్కనివే బాదంలు తింటున్నవంటే మల్ల పెండ్లి గిట్ల చేసుకుంటున్నవా? అక్కకు చెప్పాల్నా?"

భీంరావు తొడ చరుచుకుని నవ్వాడు. ముత్యం కూడా నవ్వాడు, ఎప్పటిలాగే.

"షుగరోనికి గింత జోరేందే! నాకు గూడ నాలుగియ్యి, మా ఇంటామె నీ పేరు చెప్పుకొని దీపం పెడ్తది," అంటూ భూమేశ్ ముత్యం జేబులోంచి డబ్బా లాగి, తెరిచి, ఒక గింజ తీశాడు.

సరిగ్గా అప్పుడే ముత్యానికి లోపల్నుంచి సెగ లేచింది. సూది మొదలైన దగ్గర్నుంచీ ఇదొక బాధ. ఛాతీలో పుట్టి మెడ మీదుగా ముఖానికి ఎక్కుతుంది. క్షణంలో చెమట ధారలు కట్టింది.

"చూడుండ్రి, చూడుండ్రి! ముసలోనికి సిగ్గుకు చెమటలు పడ్తున్నయి!"

"సిగ్గు గాదు భూమేశ్," అన్నాడు ముత్యం. గొంతు మామూలుగానే ఉంది. "సూది."

"ఏం సూది?"

"నాకు షుగర్ లేదు. క్యాన్సర్. మూత్రం కాడ. మగతనం అడుగంటేతట్టు సూదిచ్చిండ్రు. గది ఉంటే రోగం పెరుగుతదంట. నువ్వు చెప్పే ముచ్చట ఒడిసి శాన దినాలైంది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గా బాదంలు డాక్టర్ తినుమన్నడు. ఇంటామె అంతకన్న ఎక్కువ ఫికర్ పడ్తది."

"కాయ్ ఝాలా?" అని భీంరావు తన భాషలో గొణిగాడు, ఏమైందని. క్యాన్సర్ అని రూప్లి మెల్లగా చెప్పింది. భూమేశ్ వేళ్ల మధ్య గింజ అలాగే ఉంది. దాన్ని మెల్లగా తిరిగి డబ్బాలో పెట్టాడు. రూప్లి కొంగు ముడి విప్పి, తన రెండు గింజలూ అందులోనే వేసింది.

"మందని తెల్వకపాయె అన్నా," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మందు గాదే. తినుండ్రి," అని ముత్యం డబ్బాను నడిమికి నెట్టాడు. "ఒక్కొక్కటి తింటే నాకేం తక్కువైతది? తియ్యి భూమేశ్."

"వద్దు బావా. నీ పాలుది మేం తినుడేంది? పాపం తగుల్తది," అన్నాడు భూమేశ్. తలెత్తి చూడలేదు. "నేనొక పిచ్చోన్ని. నోటికొచ్చింది కూసిన."

"నువ్వేమన్నవే? రోజు అనేదే గదా. అను."

భూమేశ్ అనలేదు. లారీ వచ్చే వేళైందంటూ లేచాడు. లారీ సాయంత్రానికి గానీ రాదు. భీంరావు నీళ్లు తాగొస్తానని లేచి మళ్లీ రాలేదు. రూప్లి ముక్కు తుడుచుకుంటూ తన డబ్బా మూత తీసి, అంతలోనే డబ్బా, తట్ట తీసుకుని గబగబా వెళ్లిపోయింది. ముగ్గురిలో ఒక్కరికి కూడా అతనంటే ఏవగింపు లేదు. ప్రేమతోనే లేచిపోయారని ముత్యానికి తెలుసు. ఎగతాళి చేసి ఉంటే ఓర్చుకునేవాడు. ఈ మర్యాదను ఎలా ఓర్చుకోవాలో అతనికి తెలియలేదు. ఇన్నేళ్లలో ఆ గోనె మీద ఒక్కడే కూర్చోవడం అతనికిదే మొదటిసారి. ఏడుపొచ్చింది.

డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో గింజా నోట్లో వేసుకుని, కదిలే పళ్లతో మెల్లగా నమిలాడు. ఇక చాటు అక్కర్లేదు. ఎవరూ అడగరు, ఎవరూ చెయ్యి పెట్టరు. బాదం, అక్రోట్, అడుగున మిగిలిన పల్లీ బద్దలతో సహా తినేశాడు. సాయంత్రం సాయవ్వకు ఖాళీ డబ్బా చూపించి, మొత్తం నేనే తిన్ననే అని చెప్పొచ్చు. ఆమె ఎంత సంతోషపడుతుందో! చివరి బద్ద నమిలి నీళ్లు తాగాడు.

రూప్లి కూర్చున్న చోట ఆమె డబ్బా మూత అలాగే ఉండిపోయింది. అందులో నడిమికి చింపిన జొన్నరొట్టెలో ఒక్క సగమే ఉంది, రోజూ అడగకుండానే అతనికి పెట్టేది, అతను తినొచ్చో తినకూడదో తెలియక ఆమె అక్కడే వదిలేసి వెళ్లిన సగం.